గ్యాస్ అనే ఒక్క మాటతో డాక్టర్ దగ్గరికి వెళ్లకండి

ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా ట్యూబు దింపి లోపల చూసే పరీక్ష. ఆ గదిలో నర్సుగా నాకిది 19వ ఏడు. వచ్చినవాళ్లని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టడం, పళ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెట్టడం, ట్యూబు బయటికి వచ్చేదాకా భుజం మీద చెయ్యి తీయకుండా పక్కనే నిలబడటం నా పని. అంతకుముందు ఒక ఫారం నింపాలి. అందులో ‘బాధ ఏమిటి’ అనే గడి దగ్గరికి రాగానే ఎక్కువమంది చెప్పేది ఒకటే మాట. “గ్యాసండీ.”

ఛాతీలో మంట గ్యాసే. పులితేన్పులు గ్యాసే. రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, అర్ధరాత్రి ఆకలి లాంటి నొప్పి, గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు ఉండటం, అన్నీ గ్యాసే.

ఒక పెద్దావిడ కూడా అలాగే చెప్పింది. నాలుగు నెలలుగా గ్యాసట, యాంటాసిడ్ సిరప్ తాగుతోందట. బీపీ చూద్దామని చెయ్యి పట్టుకుంటే అరచెయ్యి కాగితంలా పాలిపోయి ఉంది. కింది కనురెప్ప లాగి చూశాను, లోపల ఎరుపే లేదు. “మలం ఏ రంగులో వస్తోందమ్మా?” అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, “నల్లగా, జిగురుగా వస్తోంది. పది రోజులైంది. అది కూడా చెప్పాలా?” అంది. మోకాళ్ల నొప్పికి రోజూ రెండు పూటలా నొప్పి మాత్ర వేసుకుంటున్న సంగతి అప్పుడే బయటపడింది. పరీక్షలో కడుపు కింది భాగాన చిటికెన వేలి గోరంత పుండు కనిపించింది. అడుగు తెల్లగా ఉంది, మధ్యలో ఒక నల్ల చుక్క. అది రక్తం కారిన గుర్తు, మలం నల్లబడింది అందుకే. ఆవిడ కోలుకుంది. కానీ ఆ పది రోజుల మాట నా మనసులోంచి పోలేదు. ఆవిడ ఏదీ దాచలేదు. అది చెప్పాల్సిన సంగతని ఆవిడకు తెలియదు, అంతే.

అందుకే నోటి నుంచి చిన్నపేగు మొదలు దాకా ఆ దారి ఎలా ఉంటుందో, ఏ బాధ ఎక్కడి నుంచి రావచ్చో, దాన్ని ఎలా గమనించి ఎలా చెప్పాలో నాకు తెలిసింది రాస్తున్నాను. మందులు సొంతంగా మార్చుకోవడానికి కాదు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు మీ నోట సరైన మాట రావడానికి.

దారి ఇలా ఉంటుంది

గొంతు మధ్యలో గట్టిగా తగిలే చోట వేలు ఆనించి ఒక గుటక వేయండి. ఆ గట్టి భాగం పైకి లేచి మళ్లీ దిగుతుంది. ఆ ఒక్క క్షణంలో ముక్కు వైపు దారి మూసుకుంది, గాలిగొట్టం మీద ఒక చిన్న రేకు మూతలా వాలింది, ఊపిరి ఆగింది, అన్నవాహిక తలుపు తెరుచుకుంది. ఇదంతా ఒక వరసలో జరగాలి. తింటూ మాట్లాడినప్పుడు పొలమారేది ఈ వరస తప్పినందుకే.

మా ట్యూబు మీద సెంటీమీటర్ల గీతలుంటాయి. ముందుపళ్ల నుంచి కొలిస్తే 15 దగ్గర అన్నవాహిక మొదలవుతుంది, 40 దగ్గర అయిపోతుంది. మనిషి ఎత్తును బట్టి కొంచెం అటూ ఇటూ. అంటే అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. ముద్ద అందులో దానంతట అదే జారిపడదు. వెనక నుంచి కండరం పిండుకుంటూ అలలా తోస్తే, పది సెకన్లు అటూ ఇటూగా కడుపు చేరుతుంది. తలకిందులుగా ఉన్నా మనిషి మింగగలడంటే ఆ అల వల్లనే.

40 దగ్గర చూడవలసిన చోటు ఒకటుంది. అన్నవాహిక లోపలి పొర ముత్యంలా లేత గులాబీ రంగులో ఉంటుంది. కడుపు పొర ముదురు ఎరుపు. రెండూ కలిసే చోట వంకర టింకరగా ఒక గీత కనిపిస్తుంది. ఇన్నేళ్లైనా అది తెర మీదికి రాగానే నా చూపు అక్కడే ఆగుతుంది. ఆ గీత చుట్టుపక్కలే అన్నవాహిక చివరి కండరం బిగుసుకుని ఉంటుంది. బయట నుంచి డయాఫ్రమ్, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, దాన్ని పట్టుకుని ఉంటుంది. మింగినప్పుడు ఆ బిగువు సడలి, ముద్ద దిగగానే మళ్లీ బిగుసుకుంటుంది. మింగకపోయినా మధ్య మధ్య కాసేపు సడలుతుంది. తేన్పు వచ్చేది అలాగే. ఆ సడలిన సమయంలో గాలికి బదులు ఆమ్లం పైకి వస్తే అదే మనం గుండెల్లో మంట అనేది. గుండెకీ దానికీ సంబంధం లేదు. కొందరిలో కడుపు పైభాగం డయాఫ్రమ్ కంతలోంచి ఛాతీలోకి కాస్త జారుతుంది. దాన్నే హయాటస్ హెర్నియా అంటారు. అప్పుడు ఆ రెండు పట్లూ ఒకచోట ఉండవు, ఆమ్లం పైకి రావడం సులువవుతుంది.

కడుపు రోజుకి దాదాపు రెండు లీటర్ల జఠరరసం ఊరుస్తుంది. దాని పీహెచ్ 1, 2 మధ్య ఉంటుంది. నిమ్మరసం అంత పులుపు, ఇంకా ఎక్కువే. మరి కడుపు తనను తాను ఎందుకు కాల్చుకోదు? గోడ మీద జిగురు పొర ఉంది, అందులో ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ ఉంది, పైపొర కణాలు కొద్ది రోజులకోసారి కొత్తవి వచ్చేస్తాయి. అన్నవాహికకి అలాంటి కాపు లేదు. మంట అక్కడ తెలుస్తుంది, కడుపులో తెలియదు. అది ఆమ్లం ఎక్కువైందని కాదు, ఉండకూడని చోట ఉందని. ‘ఎసిడిటీ ఎక్కువైంది’ అని చెప్పుకునే చాలామందిలో ఊరే ఆమ్లం మామూలుగానే ఉంటుంది.

ఖాళీ కడుపు గుప్పెడంతే. తినడం మొదలుపెట్టగానే పైభాగం సడలి చోటిస్తుంది, లీటరుకు పైగా పడుతుంది. కింది భాగం మెత్తగా రుబ్బి, ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలయ్యాకే పేగులోకి వదులుతుంది. నీళ్లు త్వరగా దిగిపోతాయి. గట్టి ఆహారానికి రెండు నుంచి నాలుగు గంటలు, కొవ్వు ఎక్కువైతే ఇంకా ఆలస్యం.

ఇదంతా మనిషి కళ్లారా మొదట చూసింది ఒక గాయం వల్ల. 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి దెబ్బ తగిలి పొట్టకి రంధ్రం పడింది, గాయం మానినా ఆ రంధ్రం పూడలేదు. విలియమ్ బోమాంట్ అనే అమెరికా సైనిక వైద్యుడు ఆహారపు ముక్కల్ని దారానికి కట్టి అందులోంచి దింపి, ఎంతసేపటికి ఎంత అరిగిందో రాసుకుంటూ పోయి 1833లో పుస్తకంగా వేశాడు. ఆ మనిషికి కోపం వస్తే జీర్ణం తీరు మారడం కూడా ఆయన గమనించాడు. టెన్షన్‌లో ఉంటే నాకు కడుపు పట్టేస్తుందని ఎవరైనా అంటే నేను కొట్టిపారేయను.

కడుపు దాటాక చిన్నపేగు మొదటి భాగం, ఆంత్రమూలం. 12 వేళ్ల వెడల్పంత పొడవు ఉంటుందని లాటిన్‌లో దాని పేరే పన్నెండు మీద వచ్చింది. పిత్తరసం, క్లోమరసం వచ్చి కలిసేది ఇక్కడే. కడుపు నుంచి వచ్చిన ఆమ్లాన్ని విరవడం ఇక్కడి మొదటి పని. మా ట్యూబు ప్రయాణం కూడా ఇక్కడితో ఆగుతుంది.

నోటితో చెప్పేముందు చేత్తో చూపించండి

“ఎక్కడ” అని అడిగినప్పుడు నేను మాట కన్నా చేతిని చూస్తాను. పొట్ట పైనుంచి గొంతు దాకా అరచేత్తో పాముతూ చూపిస్తే ఆమ్లం పైకి తన్నడం గుర్తుకొస్తుంది. రొమ్ము ఎముక కింద, బొడ్డుకి పైన, ఒక్క వేలు పెట్టి “ఇదిగో ఇక్కడే” అంటే పుండేమోనని ఆలోచిస్తాను. కుడి పక్కటెముకల కింద పట్టుకుని, నూనె ఎక్కువైన భోజనం తర్వాత గంటల తరబడి నొప్పి వచ్చిందంటే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు చూడాలి. పై కడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోతూ, ముందుకి వంగి కూర్చుంటే కాస్త తగ్గేది పాంక్రియాస్ (క్లోమం) నొప్పి కావచ్చు. ఇవి నిర్ధారణలు కావు. వెతకడం ఎటునుంచి మొదలుపెట్టాలో చెప్పే గుర్తులు.

పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో పెట్టుకుని “బరువుగా ఉంది” అంటే మాత్రం నేను ఫారం పక్కన పెట్టేస్తాను. చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకడం, మెట్లెక్కితే వచ్చి ఆగితే తగ్గడం, వీటిలో ఏది ఉన్నా ముందు ఈసీజీ, తర్వాతే మిగతావి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్దవయసు వాళ్లలో గుండెపోటు ఉత్త అజీర్తిలా, వికారంలా కూడా వస్తుంది. తేన్పు వచ్చాక తేలికపడిందనో, యాంటాసిడ్ తాగితే తగ్గిందనో అది గుండె కాదని తేల్చుకోకండి. ఈ ఒక్క పేరా చదివి మిగతాది వదిలేసినా నాకు సంతోషమే.

రెండు వారాల చీటీ

కింద రాసిన ప్రమాద సంకేతాలు లేనప్పుడు, అపాయింట్‌మెంట్‌కి ఇంకా రోజులున్నప్పుడు, ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. బాధ వచ్చినప్పుడల్లా ఒక్క వాక్యం చాలు. ఒకతను తెచ్చిన పుస్తకంలో ఇలా ఉంది: “మంగళవారం. రాత్రి 2:10కి మెలకువ. పై కడుపులో కొరుకుతున్నట్టు. పాలు తాగితే పావుగంటలో తగ్గింది. బుధవారం. మళ్లీ 2 దాటాక. సాయంత్రం 6కి కూడా, తిన్నాక పోయింది.” డాక్టర్ ఆ పేజీ చదివి తలెత్తి, “మీకు నొప్పి మాత్రల అలవాటుందా?” అని అడిగారు. లేదు. పరీక్షలో ఆంత్రమూలంలో పుండు, దాని వెనక బ్యాక్టీరియా బయటపడ్డాయి. పరగడుపున, తిన్న రెండు మూడు గంటలకి, అర్ధరాత్రి వచ్చి, ఏదైనా తింటే తగ్గే నొప్పి ఆ చోటి పుండుకి పాత గుర్తు. కడుపులోని పుండు తిన్నాక ఎక్కువవచ్చు. అందరిలో ఇలాగే ఉండదు, అసలు నొప్పే లేని పుండ్లూ ఉన్నాయి. అయినా సమయం రాసుకున్నందుకే ఆ రోజు సరైన ప్రశ్న వచ్చింది.

ఎన్నింటికి వచ్చింది, తిన్న ఎంతసేపటికి, ఎలాంటి బాధ, వంగితే లేదా పడుకుంటే పెరిగిందా, ఏం చేస్తే తగ్గింది, ఆ రోజు వేసుకున్న మాత్రలు. ఇవి రాయండి. బాధకి పేరు పెట్టకండి. ‘గ్యాస్’ అని రాయొద్దు. ‘మండింది’, ‘పిండినట్టు’, ‘నోట్లోకి పుల్లటి నీళ్లు’, ‘నాలుగు ముద్దలకే నిండింది’ అని రాయండి. నోరంతా ఉప్పటి లాలాజలంతో నిండిపోతే అది కూడా. ఆమ్లం పైకి వచ్చినప్పుడు దాన్ని కడగడానికి శరీరం ఊరించే నీరు అది.

మింగడం కష్టమైతే ఇంకొంచెం వివరంగా రాయాలి. మొదట గట్టి ఆహారమే అడ్డుపడి, వారాలు గడిచేకొద్దీ మెత్తనిదీ, చివరికి నీళ్లూ పోకపోతే లోపల దారి సన్నబడుతోందని అర్థం. మొదటి నుంచీ నీళ్లూ ముద్దా రెండూ ఆగితే కండరపు అలలో లోపం ఉండొచ్చు. ఉత్త లాలాజలం మింగినప్పుడే గొంతులో ఉండలా అనిపించి, భోజనం హాయిగా దిగిపోతే అది చాలాసార్లు ప్రమాదం లేనిది. ఈ మూడింటినీ ‘గొంతులో అడ్డం’ అని ఒకే మాటతో చెబితే మొదటిది వెనకబడిపోతుంది.

మాత్రలు వేసుకునే తీరు

ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్ లాంటి ఆమ్లం తగ్గించే మాత్రలు వేసుకుంటున్నా తగ్గలేదని వచ్చేవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న: ఎప్పుడు వేసుకుంటున్నారు? చాలామంది తిన్నాక అంటారు, లేదా మంట వచ్చినప్పుడు అంటారు. కడుపు గోడలో ఆమ్లాన్ని బయటికి తోసే పంపులు ఉంటాయి. తినడం మొదలైనప్పుడే అవి ఎక్కువగా పనిలోకి వస్తాయి. ఈ మందు పనిచేస్తున్న పంపునే పట్టి ఆపగలదు, పైగా రక్తంలో కొద్ది గంటలే ఉంటుంది. అందుకే భోజనానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి, తర్వాత తప్పకుండా తినాలి. మొదటి రోజే పూర్తి గుణం కనిపించదు, మూడు నాలుగు రోజులు పడుతుంది. పొడి చేసి, నమిలి వేసుకోకూడదు. పైపూత ఉన్నదే ఆమ్లంలో మందు పాడవకుండా. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపేస్తే కొన్నాళ్లు ఆమ్లం ఎగదన్నుతుంది. దాన్ని చూసి జబ్బు తిరగబెట్టిందని భయపడతారు. ఎలా తగ్గించాలో డాక్టర్‌ని అడిగి మానండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లకి కడుపు కాపాడటానికే ఈ మాత్ర ఇచ్చి ఉండొచ్చు. అలాంటప్పుడు ఈ రెండిట్లో దేన్నీ సొంతంగా ఆపకండి.

యాంటాసిడ్ సిరప్ ఉన్న ఆమ్లాన్ని అప్పటికప్పుడు విరుస్తుంది, నిమిషాల్లో హాయి. కానీ ఎక్కువసేపు నిలవదు. వేరే మాత్రలతో కలిస్తే వాటిని ఒంటికి పట్టనివ్వదు. మామూలుగా రెండు గంటల ఎడం, థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు.

నొప్పి మాత్రల సంగతి పైన పెద్దావిడ కథలో చూశారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జాతి మందులు నొప్పిని తెచ్చే పదార్థాలతో పాటు కడుపు గోడ జిగురు పొరని నిలబెట్టే పదార్థాలనీ తగ్గించేస్తాయి. అన్నం తిన్నాక వేసుకుంటే ఏం కాదని నమ్మేవాళ్లున్నారు. హాని రక్తం ద్వారా కూడా జరుగుతుంది కాబట్టి నిండు కడుపు పూర్తి రక్షణ కాదు. రెండు రకాల నొప్పి మాత్రలు కలిపి వేసుకోకండి. వేసుకుంటున్న ప్రతి మాత్ర అట్టనీ సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పేరు గుర్తుండకపోయినా అట్ట చెబుతుంది.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. ఓసారి చర్మం ఇన్ఫెక్షన్‌కి డాక్సీసైక్లిన్ వాడుతున్నాను. నైట్ డ్యూటీ మధ్యలో తెల్లవారుజామున క్యాప్సూల్ నోట్లో వేసుకుని, ఒకే ఒక్క గుక్క నీళ్లు తాగి, బల్ల మీద అరగంట వాలాను. పొద్దున టీ మొదటి గుటకకే ఛాతీ మధ్యలో కత్తి దిగినట్టైంది. మింగిన ప్రతిసారీ అదే. సొంత లాలాజలానికే భయపడ్డాను. మర్నాడు చూస్తే 25 సెంటీమీటర్ల దగ్గర, పెద్ద రక్తనాళం అన్నవాహికని పక్కనుంచి కాస్త నొక్కే చోట, ఎదురెదురు గోడల మీద రెండు పుండ్లు. క్యాప్సూల్ అక్కడే అంటుకుని కరిగింది. పది రోజుల్లో మానిపోయింది. అప్పటి నుంచి ప్రతి పేషెంట్‌కీ చెబుతున్నాను: మాత్ర కూర్చునో నిలబడో వేసుకోండి, నిండు గ్లాసు నీళ్లు తాగండి, అరగంట దాకా నడుం వాల్చకండి. ఎముకల బలానికిచ్చే ఆలెండ్రొనేట్ లాంటి మాత్రలకి ఇది మరీ ముఖ్యం.

రాత్రి పూట

మందు లేకుండా రాత్రి మంట తగ్గించే పనులు మూడు నాకు నమ్మకమైనవి. పడుకోవడానికి మూడు గంటల ముందు తినడం ముగించండి. మంచం తలవైపు కాళ్ల కింద దిమ్మలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తండి. రెండు మూడు దిండ్లు వేసుకుంటే సరిపోదు, మెడా నడుమూ వంగి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకోండి. కడుపు సంచి ఎడమవైపు ఉంటుంది కాబట్టి అలా పడుకుంటే ఆమ్లం కిందికి చేరి, అన్నవాహిక మూతి దానికి పైన ఉంటుంది. కుడి పక్కకి తిరిగితే మూతి ఆమ్లంలో మునుగుతుంది.

పొట్ట దగ్గర బరువు తగ్గితే మంట తగ్గుతుంది, సిగరెట్ మానేస్తే తగ్గుతుంది. తిండి సంగతికొస్తే కొవ్వు, మద్యం, చాక్లెట్, పుదీనా చాలామందిలో అన్నవాహిక చివరి కండరం బిగువుని సడలిస్తాయంటారు. కానీ అందరికీ ఒకే జాబితా ఇచ్చి అన్నీ మాన్పించడం నాకిష్టం లేదు. మీ రెండు వారాల చీటీలో ఏది మళ్లీ మళ్లీ కనిపిస్తే దాన్ని మానండి.

పుండు వెనక పురుగు

కారాలు తినడం వల్లా, ఆలోచనల వల్లా అల్సర్ వస్తుందని చాలాకాలం అందరూ నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు కడుపు ముక్కల్లో మెలికలు తిరిగిన బ్యాక్టీరియాని చూసి, దాన్ని పెంచాలని ఎన్నోసార్లు ప్రయత్నించారు. 1982లో ఈస్టర్ సెలవుల్లో దాన్ని పెంచే పళ్లేలు మామూలు కన్నా ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోయాయి, అప్పుడు పెరిగింది. అది జబ్బు తెస్తుందని చూపించడానికి 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని స్వయంగా తాగి, కొద్ది రోజుల్లో వాంతులతో, కడుపు లోపలి పొర వాపుతో పడ్డాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరీ.

ఊపిరి పరీక్షతో, మలం పరీక్షతో, ఎండోస్కోపీలో తీసిన చిన్న ముక్కతో దాన్ని కనుక్కుంటారు. పరీక్షకి రెండు వారాల ముందు ఆమ్లం తగ్గించే మాత్రలు ఆపమంటారు, లేకపోతే ఉన్నది కూడా లేనట్టు చూపించవచ్చు. యాంటీబయాటిక్స్ వాడి నాలుగు వారాలు దాటాలి. చికిత్స మామూలుగా 14 రోజులు, చేతి నిండా మాత్రలు. నోరు చేదుగా, ఇనుము రుచిగా ఉంటుంది, కడుపు తిప్పుతుంది. ఐదో రోజు కాస్త తేలికపడగానే ఆపేసినవాళ్లని చాలామందిని చూశాను. మిగిలిన బ్యాక్టీరియా మందుకి లొంగకుండా తయారవుతుంది, రెండోసారి ఇంకా కష్టం. 14 రోజులూ పూర్తిచేసి, కనీసం నాలుగు వారాలాగి, పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఆ రెండో పరీక్ష అడిగి రాయించుకోండి. చాలామంది మర్చిపోయేది అదే.

ఆగకూడని సంకేతాలు

రక్తం వాంతి కావడం, లేదా కాఫీ పొడి కలిపిన నీళ్లలా వాంతి కావడం. తారులా నల్లగా, జిగురుగా, ఎప్పుడూ లేని దుర్వాసనతో మలం. ఇవి కనిపిస్తే అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి, రాత్రైనా సరే. ఐరన్ మాత్రలు, బిస్మత్ ఉన్న మందులు కూడా మలాన్ని నల్లబరుస్తాయి, అందుకే ఏ మాత్రలు వాడుతున్నారో వెంటనే చెప్పండి. కానీ మాత్రల వల్లేలే అని ఇంట్లో మీరే తేల్చుకోకండి. ఉన్నట్టుండి కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చి పొట్ట చెక్కలా గట్టిపడితే పుండు చిల్లుపడి ఉండొచ్చు, అదీ అత్యవసరమే.

మింగడం కష్టమవడం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, రక్తహీనత, ఆగని వాంతులు, 55, 60 ఏళ్లు దాటాక మొదటిసారి మొదలైన అజీర్తి, ఇవి ఉంటే చీటీలు రాసుకుంటూ కూర్చోవద్దు, ఆ వారంలోనే చూపించుకోండి.

పిల్లలు గుండ్రటి బటన్ బ్యాటరీ మింగారని అనుమానం వచ్చినా చాలు, బయల్దేరండి. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే గోడని కాల్చేస్తుంది. వాంతి చేయించకూడదు.

ఎండోస్కోపీ రోజు

ముందు రోజు రాత్రి భయంతో నిద్రపోనివాళ్లే ఎక్కువమంది. ట్యూబు చిటికెన వేలంత లావు, దాదాపు ఒక సెంటీమీటరు. అది పోయేది అన్నవాహికలోకి, గాలిగొట్టం పక్కన ఖాళీగానే ఉంటుంది. ఊపిరి ఆడదేమో అన్నది అందరి భయం. ఆడుతుంది. ముక్కుతో నెమ్మదిగా పీల్చి నోటితో వదలండి, ఉమ్మి మింగకుండా పక్కకి కారనివ్వండి, కళ్లు తెరిచి ఒకచోట చూడండి. ఓకరింత మొదటి నిమిషంలోనే ఎక్కువ. లోపల గాలి నింపుతారు కాబట్టి పెద్ద తేన్పులు వస్తాయి, సిగ్గుపడాల్సిన పని లేదు. చిన్న ముక్క తీసినా నొప్పి తెలియదు, ఆ పొరకి కోసిన నొప్పి తెలిసే నరాలు లేవు. మామూలు పరీక్ష పది నిమిషాల లోపే అయిపోతుంది.

గట్టి ఆహారం ఆరు నుంచి ఎనిమిది గంటల ముందే ఆపాలి. నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో మీ కాగితంలో ఉన్నదే పాటించండి. రక్తం పలచబరిచే మందులు, షుగర్ మందులు, బరువు తగ్గడానికి వాడే ఇంజెక్షన్లు ఉంటే తేదీ ఇచ్చిన రోజే చెప్పండి, టేబుల్ ఎక్కాక కాదు. ఆ ఇంజెక్షన్లు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. కట్టుడు పళ్లు, కదిలే పళ్లు ఉన్నాయని నాలాంటి నర్సుకి ముందే చెప్పండి. మత్తు తీసుకుంటే ఆ రోజు బండి నడపకూడదు, తోడు ఒకరు ఉండాలి.

రిపోర్టులో ‘నార్మల్’ అని చూసి ముఖం చిన్నబుచ్చుకునేవాళ్లున్నారు. “అయితే నాది ఉత్త భ్రమేనా?” అని ఒకమ్మాయి నన్ను అడిగి ఏడ్చింది. కాదు. కెమెరా గోడ రంగునీ, పుండునీ, గడ్డనీ చూస్తుంది. కడుపు పైభాగం సడలాల్సినంత సడలకపోవడం, మామూలు కదలికనే నరాలు నొప్పిగా పట్టుకోవడం కెమెరాకి కనిపించవు. దానికి ఫంక్షనల్ డిస్పెప్సియా అని పేరుంది, మందులున్నాయి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం సాయం చేస్తుంది. నార్మల్ వచ్చిందని ఆగిపోకుండా ఆ రిపోర్టుతోనే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పరీక్షకి ముందు గొంతులో కొట్టిన స్ప్రే వల్ల వచ్చిన మొద్దుబారడం పోవడానికి అరగంట నుంచి గంట. అప్పటిదాకా ఏమీ మింగకండి. తర్వాత ముందు ఒక్క గుక్క నీళ్లు, పొలమారకపోతే మెత్తటి ఆహారం. ఇంటికెళ్లాక తగ్గని ఛాతీ నొప్పి, పొట్ట నొప్పి, జ్వరం, రక్తం వాంతి, నల్లటి మలం, వీటిలో ఏది వచ్చినా తిరిగి రావాలి. ముక్క తీశారా, దాని ఫలితం ఏ రోజు వస్తుంది, పైలోరీ పరీక్ష అందులో ఉందా, రాత్రి ఏదైనా అయితే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి, ఈ నాలుగూ మంచం దిగేముందే కాగితం మీద రాయించుకోండి. మత్తులో విన్న మాట సాయంత్రానికి గుర్తుండదు.